హనీమూన్‌కి లొకేషన్ కావలెను!

మన సినిమాల్లో హనీమూన్ ఎంత సులువో ఎప్పుడైనా గమనించారా? మూడుముళ్లు పడగానే కట్! తరవాతి షాట్‌లో హీరో హీరోయిన్లు ఊటీ పూలతోటలో పరుగెడుతూ ఉంటారు. సెలవు ఎవరిచ్చారు, టిక్కెట్లు ఎవరు కొన్నారు, ఊటీకే ఎందుకు వెళ్లారు, కొడైకెనాల్ ఏం పాపం చేసింది? ఎవరూ అడగరు. అడిగితే పక్క సీటువాడు ఊరుకోడు!

మా విషయంలో ఆ కట్‌కీ, ఆ తరవాతి షాట్‌కీ మధ్య నాలుగు నెలలు పట్టింది. 2017 నవంబరులో తెనాలిలో పెళ్లి. కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న మావారు మూడు వారాల సెలవు మీద వచ్చి, తాళి కట్టి, పదహారు రోజుల పండగ కూడా కాకుండానే విమానం ఎక్కేశారు. వీసా చేతికొచ్చి నేను అక్కడ దిగేసరికి 2018 జనవరి సగం అయిపోయింది. "నువ్వు రాగానే హనీమూన్. పసిఫిక్ సముద్రం మనకి గంట దూరమే" అని ఫోన్‌లో ఊరించిన మనిషి, తీరా నేను వచ్చాక ఆ మాటే ఎత్తలేదు.

ఆయన పొద్దున ఎనిమిదింటికి వెడితే రాత్రి ఏడు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చెయ్యకూడదు. తెనాలిలో జూనియర్ కాలేజీలో అరవై మంది పిల్లలకి ఇంగ్లీషు చెప్పినదాన్ని, అక్కడ ఫ్రిజ్‌తో కబుర్లు చెప్పుకునే స్థితికి వచ్చాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. కొత్త కదా! అమ్మ ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా" అనడం, పెట్టేశాక కళ్లు తుడుచుకోవడం. ఇదీ సినిమాల్లో చూసిందే. కాకపోతే వెనకాల వయొలిన్లు ఉండవు.

ఫిబ్రవరిలో ఓ రాత్రి ఇక నేనే సిగ్గు విడిచి అడిగాను.

"ఏమండీ, హనీమూన్ అన్నారు..."

"అవును కదూ! ఎక్కడికి వెళ్దాం?"

"మీ ఇష్టం."

"నాదేముంది? నీ ఇష్టం."

"మీరు ఆరేళ్లుగా ఇక్కడ ఉంటున్నారు. మీకు తెలియంది నాకేం తెలుస్తుంది? మీ ఇష్టం."

ఈ బంతాట మూడు రోజులు సాగింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, మీరే ఆలోచించండి. ముహూర్తం పెట్టింది పంతులుగారు. కల్యాణమండపం మాట్లాడింది మా బాబాయి. పెళ్లి చీరలు అత్తగారు, వంటలు మేనత్త. ఆఖరికి మా ఇద్దరి పెళ్లి ఫొటోల్లో ఎవరు ఎటు తల వంచాలో కూడా ఫొటోగ్రాఫరే చెప్పాడు. మేమిద్దరమే కలిసి తేల్చుకోవలసిన మొట్టమొదటి విషయం ఇది. అది ఎలా చెయ్యాలో ఇద్దరికీ రాదు!

నాలుగో రోజు మావారు కంప్యూటర్‌లో ఓ పట్టిక తయారుచేశారు. ఊరి పేరు, దూరం, హోటలు ఖర్చు, డ్రైవింగ్ గంటలు. పెళ్లి ఖర్చుల పద్దులా ఉంది. నేను దాని పక్కన ఇంకో గడి గీయించాను. "అక్కడ ఏ సినిమా తీశారు?" అని.

నవ్వకండి. మా నాన్నగారు తెనాలిలో వీడియో కేసెట్ల షాపు నడిపిన రోజుల్లో నేను పుట్టాను. కేసెట్లు పోయి సీడీలు వచ్చినా ఆయన పాత ఇంగ్లీషు బొమ్మలు పారెయ్యలేదు. ఎండాకాలం సెలవుల్లో హిచ్‌కాక్ సినిమాలన్నీ నాన్నగారి పక్కన కూచుని చూశాను. కాలిఫోర్నియా నాకు ముందు తెరమీద తెలుసు, తరవాతే నేలమీద.

ఆ గడి నింపడం మొదలుపెడితే ఆ కోస్తా అంతా సినిమానే. ఉత్తరాన ఆరెగాన్ రాష్ట్రంలో కేనన్ బీచ్ ఉంది. అక్కడ సముద్రంలోంచి గడ్డివాములా లేచిన 235 అడుగుల హేస్టాక్ రాక్, 1985లో వచ్చిన "ద గూనీస్"లో చూసే ఉంటారు. కానీ మాకు అది దాదాపు 700 మైళ్లు. వెళ్లిరావడానికే సెలవు హారతి కర్పూరం. కొంచెం దిగువకి వస్తే కాలిఫోర్నియాలోనే మెండొసీనో. జేమ్స్ డీన్ "ఈస్ట్ ఆఫ్ ఈడెన్" కథ మాంటెరే ఊళ్లో జరుగుతుంది గానీ, 1955లో వచ్చిన ఆ సినిమాకి మాంటెరేగా చూపించింది మెండొసీనోని! మన వాళ్లు హైదరాబాద్‌లో పల్లెటూరి సెట్ వేసినట్టన్నమాట. చెక్క ఇళ్లు, కొండ అంచు, గాలి. నిశ్శబ్దం ఇష్టమైన జంటలకి అంతకంటె మంచి చోటు లేదంటారు. నాకు అప్పటికే నిశ్శబ్దం చాలినంత ఉంది. వద్దన్నాను.

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరంగా బొడేగా బే. హిచ్‌కాక్ "ద బర్డ్స్" అక్కడే తీశాడు. 1963లో విడుదలైంది. పిల్లలు బడిలోంచి పరుగెత్తుతుంటే కాకులు వెంటపడతాయే, ఆ బడి భవనం పక్కనున్న బొడేగా పల్లెలో ఇప్పటికీ ఉంది. "హనీమూన్‌కి కాకులు పొడిచిన ఊరికా?" అన్నారు మావారు. అదీ నిజమే.

ఆయన ఓటు దక్షిణాన శాంటా బార్బరాకి. వెచ్చగా ఉంటుంది, ఊరు అందంగా ఉంటుంది, పైగా 101 నంబరు పెద్ద రోడ్డుమీద తిన్నగా వెళ్లిపోవచ్చు. ఆ "తిన్నగా వెళ్లిపోవచ్చు" అన్నమాట ఆయన నాలుగైదుసార్లు అన్నారు. నేను పట్టించుకోలేదు.

ఎందుకంటే నా మనసు మధ్యలో ఉన్న బిగ్ సర్ మీద ఉంది. ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం, మధ్యలో వడ్డాణంలా ఒకటో నంబరు రోడ్డు. 1937లో తెరిచారు. ఎలిజబెత్ టేలర్, రిచర్డ్ బర్టన్ 1964లో పెళ్లి చేసుకుని, ఆ వేడిలో నటించిన "ద శాండ్‌పైపర్" అక్కడే తీశారు. కొత్త దంపతులకి అంతకంటె ఏం కావాలి? వాళ్లు 1974లో విడాకులు తీసుకుని, 1975లో మళ్లీ పెళ్లాడి, 1976లో మళ్లీ విడిపోయారనుకోండి. ఆ గడి నేను పట్టికలో పెట్టలేదు.

"బిగ్ సర్ రోడ్డు పూర్తిగా లేదు" అన్నారు మావారు. అబద్ధం కాదు. 2017 మే నెలలో మడ్ క్రీక్ దగ్గర కొండ జారి, మైలులో మూడో వంతు రోడ్డు నలభై అడుగుల మట్టి కింద పడిపోయింది. సముద్రంలోకి కొత్త నేలే పుట్టుకొచ్చింది. ఆ ముక్క 2018 జులైలో గానీ తెరవలేదు. "కానీ ఉత్తరంవైపు నుంచి చాలా దూరం వెళ్లొచ్చటగా" అన్నాను. ఆయన మాట్లాడలేదు. కాసేపాగి "సరే, నీ ఇష్టం" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఖర్చుకి వెనకాడుతున్నారా? నాతో రావడమే ఇష్టం లేదా?

మొత్తానికి మాంటెరేలో నాలుగు రాత్రులకి గది తీసుకున్నారు. ఊరికో రాత్రి చొప్పున పరుగెత్తకుండా ఒకేచోట ఉండి చుట్టూ తిరగాలన్నది ఆయన ఆలోచనే. అది మాత్రం బంగారంలాంటి ఆలోచన. పెట్టె సర్దడం, విప్పడంతోనే సగం కాపురం అయిపోయిన జంటల్ని తరవాత చాలామందిని చూశాను.

మార్చి మొదటివారం బయల్దేరాం. డబ్బా నిండా పులిహోర, సీసాలో ఆవకాయ, అమ్మ పెట్టిన నెమలికంఠం రంగు పట్టుచీర. దారిలో శాన్ వాన్ బటిస్టా అనే చిన్న ఊరు. హిచ్‌కాక్ "వెర్టిగో" (1958) చూసినవాళ్లకి ఆ ఊరి చర్చి తెలుసు. హీరోయిన్ గంట గోపురం మీంచి పడిపోతుంది, ఎత్తంటే కళ్లు తిరిగే హీరో మెట్లు ఎక్కలేక మధ్యలోనే ఆగిపోతాడు. నేను కారు దిగి పరుగెత్తాను. చర్చి ఉంది. గోపురం లేదు! చుట్టూ తిరిగి చూశాను, లేదు. షూటింగ్ నాటికే అక్కడ అలాంటి గోపురం లేదట. బొమ్మ గీసి, నమూనాలు కట్టి, ట్రిక్ ఫొటోగ్రఫీతో అతికించారట. మావారు పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు ఉక్రోషం వచ్చింది గానీ, ఆయన అంత గట్టిగా నవ్వడం పెళ్లయ్యాక అదే మొదటిసారి చూడడం.

తరవాత కాస్ట్రోవిల్. ఆర్టిచోక్ అనే కూరగాయకి అది రాజధాని. తామరమొగ్గకి పొలుసులు మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. 1948లో దానికి మహారాణిగా కిరీటం పెట్టింది ఎవరికనుకున్నారు? ఇంకా పెద్ద తార కాని మార్లిన్ మన్రోకి! పిండిలో ముంచి వేయించి అమ్ముతారు. బజ్జీలే. ఆవకాయతో నంజుకుని తిన్నాం. మార్లిన్ మన్రోకి ఆ రుచి తెలిసే అవకాశం లేకపోయింది పాపం.

మాంటెరేలో మొదటి పాఠం సముద్రం చెప్పింది. నాకు సముద్రమంటే బాపట్ల దగ్గర సూర్యలంక. కార్తీకమాసంలో లారీ కట్టించుకుని వెళ్లి, చీకటితో మునిగి, వణుకుతూనే ఎదురుగా సూర్యుడు లేవడం చూసేవాళ్లం. అదే ధీమాతో చెప్పులు విడిచి పసిఫిక్‌లో అడుగుపెట్టాను. అమ్మో! మంచు నీళ్లు. పాదాలు మొద్దుబారాయి. ఉత్తరం నుంచి వచ్చే చల్లటి ప్రవాహం ఒకటి, వసంతకాలపు గాలులు పైనీటిని తోసేస్తే అడుగునున్న చల్లనీరు పైకి ఉబకడం ఒకటి. రెండూ కలిసి ఆ నీళ్లని ఎప్పుడూ వేడెక్కనివ్వవు. సినిమాల్లో కాలిఫోర్నియా బీచ్ చూసి స్నానాల కలలు కనే జంటలు ఆ కలలు దక్షిణాన లాస్ ఏంజెలెస్ వైపు మార్చుకోవాలి. ఇంకోమాట. జూన్, జులై, ఆగస్టు నెలల్లో అక్కడికి వెళితే మంచుపొగ తప్ప సముద్రం కనిపించని రోజులే ఎక్కువ. సెప్టెంబరు, అక్టోబరు మంచి నెలలు. మార్చిలో చలి ఉన్నా ఆకాశం విచ్చుకుంటుంది, ఉత్తరానికి వెళ్లే తిమింగలాలు కనిపిస్తాయి.

ఆ చల్లదనమే అక్కడి సిరి. నీళ్లకింద సముద్రపు నాచు అడవిలా పెరుగుతుంది. ఆ నాచుని నడుముకి చుట్టుకుని నీటిపిల్లులు వెల్లకిలా నిద్రపోతాయి, కొట్టుకుపోకుండా! బొచ్చుకోసం వేటాడి వేటాడి వాటిని లేకుండా చేశామనుకున్నారు ఒకప్పుడు. 1938లో బిక్స్‌బీ క్రీక్ దగ్గర ఓ చిన్న గుంపు బయటపడింది. ఇప్పుడక్కడ ఉన్నవన్నీ వాటి సంతానమే. ఒక తల్లి పొట్టమీద పిల్లని పెట్టుకుని తేలుతుంటే గంటసేపు చూశాం. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. అక్కడ నిశ్శబ్దం నాకు బరువనిపించలేదు.

రెండోరోజు సెవెంటీన్ మైల్ డ్రైవ్. "వెర్టిగో"లో అలలు ఎగిసిపడుతుంటే జేమ్స్ స్టువార్ట్, కిమ్ నోవాక్ ముద్దుపెట్టుకునే సైప్రస్ పాయింట్ ఈ దారిలోదే. వాళ్ల వెనకాల వంగిన చెట్టు కోసం వెతికాను. ఆ చెట్టు షూటింగ్‌కి తెచ్చి నిలబెట్టిందట! ఈసారి నేను కూడా నవ్వాను. పట్టుచీర కట్టుకుని రాళ్లమీద కూచుని పులిహోర విప్పానో లేదో, సముద్రపు కాకి ఒకటి దూకి డబ్బా మూత తన్నుకుపోయింది. "బొడేగా బే వద్దన్నాంగా, అదే ఇక్కడికి వచ్చింది" అన్నారు మావారు.

మూడోరోజు బిగ్ సర్. దీని సంగతి కాస్త నెమ్మదిగా చెప్పాలి.

కార్మెల్ దాటగానే మొనాస్టరీ బీచ్ దగ్గర ఆగాం. నీళ్లకి వీపుపెట్టి ఫొటోకి నిలబడ్డాను, పాట చిత్రీకరణలోలా పమిట గాలికి వదిలి. ఎవరో పెద్దావిడ దూరంనుంచి కేకలేస్తూ వచ్చింది. అక్కడ ఒడ్డు ఒక్కసారిగా లోతైపోతుందట, చెప్పకుండా వచ్చే అల కాళ్లు లాగేస్తుందట, ప్రాణాలు పోయాయట. హెచ్చరిక బోర్డు మా వెనకే ఉంది, మేం చూడలేదు. మళ్లీ చెబుతున్నాను, ఆ తీరంలో ఎక్కడా సముద్రానికి వీపు చూపించకండి, ఎంత మంచి పోజైనా సరే.

అక్కణ్ణించి రోడ్డు కొండెక్కింది. దక్షిణానికి వెళ్లేటప్పుడు కారు సముద్రంవైపు వరసలో ఉంటుంది. కుడివైపు కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు లేదు, అలలే. నేను చిన్నపిల్లలా అరుస్తున్నాను. "అటు చూడండి! ఇటు చూడండి!" ఆయన చూడడం లేదు. పలకడం లేదు. దవడ బిగించుకుని నడుపుతున్నారు. నాకు మెల్లగా గొంతు పూడుకుపోయింది. ఇంత దూరం వచ్చి కూడా ఈ మనిషికి నాతో ఒక్క మాట లేదు!

బిక్స్‌బీ వంతెన వచ్చింది. 1932లో కట్టిన కాంక్రీటు వంతెన, ఒకే కమాను, కింద 260 అడుగుల లోయ. దాటగానే ఆయన కారు పక్కకి తీసి ఆపేశారు. స్టీరింగ్ మీద చేతులు వణుకుతున్నాయి. చొక్కా తడిసిపోయింది.

"ఏమైందండీ?"

"నాకు ఎత్తంటే భయం" అన్నారు. అంతే.

చిన్నప్పుడు ఖమ్మం దగ్గర వాళ్ల ఊళ్లో పందెం కాసి వాటర్ ట్యాంక్ ఎక్కారట. దిగలేక పైనే రెండు గంటలు కూచుంటే, మేనమామ ఎక్కి భుజాన వేసుకుని దింపాడట. కింద ఊరంతా చూసిందట. అప్పణ్ణించీ మూడో అంతస్తు బాల్కనీలో కూడా గోడవారగా నిలబడతారు. ఆ "తిన్నగా వెళ్లిపోవచ్చు" రహస్యం అదీ! నేను వచ్చినప్పటినుంచీ హనీమూన్ మాట ఎత్తకపోవడమూ అందుకే. ఎత్తితే నేను బిగ్ సర్ అంటానని ఆయనకి తెలుసు. పెళ్లికి ముందు ఫోన్‌లో "శాండ్‌పైపర్" కథ అంతా చెప్పింది నేనే కదా.

"మరి చెప్పొచ్చుగా!"

"హీరోకి భయమని చెబితే నువ్వేమనుకుంటావో అని."

"వెర్టిగోలో హీరోకీ భయమేగా!" అన్నాను. అంటూనే ఏడుపొచ్చేసింది. ఎందుకో తెలియదు. ఆ కొండ అంచున, కార్లు సర్రున పోతుంటే, ఫ్రిజ్‌తో కబుర్ల దగ్గర్నుంచి అమ్మకి చెప్పిన అబద్ధాల దాకా, మార్చి నెలాఖరుకి ఇంటికి వెళ్లిపోదామని టిక్కెట్టు ధరలు చూసుకున్న సంగతితో సహా అన్నీ చెప్పేశాను. ఆయన తెల్లబోయి విన్నారు. "నువ్వు హాయిగా సినిమాలు చూసుకుంటున్నావనుకున్నా" అన్నారు. చాలాసేపటికి "వెళ్లిపోతావా?" అని అడిగారు. "మీ ఇష్టం" అనబోయి నాలుక కరుచుకున్నాను. "వెళ్లను. కానీ నాకు డ్రైవింగ్ నేర్పించండి" అన్నాను.

వెనక్కి తిప్పుకుని కార్మెల్ చేరాం. తిరుగు దారిలో కారు కొండవైపు ఉంటుంది. ఆయన ఈల వేస్తూ నడిపారు! కార్మెల్ ఓ వింత ఊరు. క్లింట్ ఈస్ట్‌వుడ్ మొదటిసారి దర్శకత్వం వహించిన "ప్లే మిస్టీ ఫర్ మీ" (1971) అక్కడే తీశాడు, 1986 నుంచి రెండేళ్లు ఆ ఊరికి మేయరుగానూ చేశాడు. రెండంగుళాలకి మించిన హైహీల్స్ వేసుకోవాలంటే పర్మిట్ తీసుకోవాలని 1963లో చట్టం చేశారు. మేం వెళ్లిననాటికి ఇళ్లకి నంబర్లు కూడా లేవు. ఆ సాయంత్రం మాకు ఊరితో పనిలేదు. తెల్లటి ఇసకలో, నీళ్లకి ఎదురుగానే కూచున్నాం.

సూర్యుడు సముద్రంలోకి దిగడం నేను అంతకుముందు చూడలేదు. మన కోస్తాలో సముద్రంలోంచి లేస్తాడు, పొలాల వెనక్కి దిగుతాడు. "మరో చరిత్ర" (1978) బీచ్ దృశ్యాల దగ్గర్నుంచీ విశాఖ తీరంలో ఎన్ని పాటలు చూసినా నీళ్లమీద లేచే సూర్యుడే మనవాడు. ఇక్కడ నీళ్లలో కరిగిపోతున్నాడు. "అక్కడ సూర్యలంకలో ఇప్పుడు తెల్లారి ఉంటుంది" అన్నారు మావారు, గడియారం చూసుకుని. మార్చి మొదటివారంలో కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరైతే మనకి మర్నాడు పొద్దున ఏడున్నర. అమ్మకి ఫోన్ చేశాం. "బాగున్నానమ్మా" అన్నాను. పెట్టేశాక కళ్లు తుడుచుకోలేదు.

అన్నట్టు, బిగ్ సర్ బాకీ అలాగే ఉండిపోలేదు. 2019 అక్టోబరులో లైసెన్సు చేతికొచ్చిన నేను, ముందు 101 మీద దక్షిణానికి వెళ్లి, అక్కణ్ణించి ఒకటో నంబరు రోడ్డు మీద ఉత్తరానికి నడుపుకుంటూ వచ్చాను. ఎత్తంటే భయమున్నవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ కిటుకు గుర్తుపెట్టుకోండి. ఉత్తరానికి వచ్చేటప్పుడు పక్క సీటుకి ఆనుకుని కొండ ఉంటుంది, సముద్రం కాదు. నెపెంథీ అనే హోటల్ దగ్గర ఆగాం. సముద్రానికి 800 అడుగుల ఎత్తున. 1944లో ఆర్సన్ వెల్స్, రీటా హేవర్త్ దంపతులు ఆ దారిన పోతూ, చూపు తిప్పుకోలేక, అక్కడున్న చిన్న ఇల్లు కొనేశారు. కానీ ఒక్క రాత్రీ అందులో ఉండలేదు. కొన్నేళ్లకే విడిపోయారు. 1949లో అది హోటలైంది. "శాండ్‌పైపర్"లో ఓ డాన్స్ దృశ్యం కూడా అక్కడ తీశారు.

మావారు గోడవైపు తిరిగి, సముద్రానికి వీపుపెట్టి కూచున్నారు. 800 అడుగుల ఎత్తులో ఏ అలా రాదు లెండి, అందుకని ఒప్పుకున్నాను. ఆలుగడ్డ వేపుళ్లు తింటూ "ఇప్పుడేం కనబడుతోంది చెప్పు" అన్నారు. నేను క్రికెట్ కామెంటరీలా మొదలుపెట్టాను. "ఎడమవైపు కొండ మడతలు ఒకదాని వెనక ఒకటి... కింద తెల్లటి నురగ... ఓ గద్ద మనకంటే కిందుగా ఎగురుతోందండీ..."

"కిందుగానా? ఆ ముక్క వద్దులే, తరవాతిది చెప్పు" అన్నారు.